పెళ్లి పనుల వ్యాపారానికి ఏ యాప్ పట్టుకోవాలి? విశాఖలో చిన్న వెండర్లకు ఎంపిక సలహా

ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటి చాలా, ఫేస్‌బుక్ పేజీ కూడా ఉండాలా, యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టాలా? మండపం డెకరేషన్, మేకప్, ఫొటోలు, కేటరింగ్ లాంటి పెళ్లి పనుల్లోకి కొత్తగా దిగినవాళ్లు మొదట అడిగేది ఇదే. జవాబు చెప్పే ముందు నేను ఇంకో ప్రశ్న వేస్తాను. మీ పని చూసి ఇష్టపడేది ఎవరు? అడ్వాన్స్ ఫోన్‌పే చేసేది ఎవరు?

ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే బ్రైడల్ మేకప్ చేసే అమ్మాయికి ఈ ఇద్దరూ ఒక్కరే, పెళ్లికూతురు. పెందుర్తి వైపు కేటరింగ్ చేసే ఆయనకి అలా కాదు. బూరెలు నూనెలో తేలుతున్న వీడియోకి లైకులు కొట్టేవాళ్లు వేరు. ప్లేటు ఎంత, ఎన్ని ఐటమ్స్, వడ్డించడానికి ఎంతమంది వస్తారు అని ఆరా తీసి బేరం తేల్చే మేనమామ వేరు. ఆ మేనమామ రీల్స్ చూడరని కాదు. చూస్తారు, కానీ రీల్ చూసి అడ్వాన్స్ ఇవ్వరు. ఏ యాప్‌లో జనం ఎక్కువ ఉన్నారు అని లెక్కేసుకుంటే తేలేది ఏమీ లేదు, జనం అన్నింట్లోనూ ఉన్నారు. డబ్బు ఇచ్చే మనిషి మిమ్మల్ని నమ్మాలా వద్దా అని తేల్చుకునే సమయంలో చేతిలో ఏ యాప్ తెరిచి ఉంటుందో చూడాలి.

ఒక బుకింగ్ ఎలా నడుస్తుంది

గాజువాకలో ఒక ఇల్లు అనుకోండి. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. రాత్రి పదకొండింటికి ఫోన్ తిరగేస్తుంటే బంతిపూలు, మామిడాకులు, ఇత్తడి గంటలతో కట్టిన మండపం రీల్ ఒకటి కనబడింది. వెంటనే 'పెళ్లి పనులు' అనే ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో పడేసింది. పొద్దున్నే లేచి పిన్ని మొదటి మాట: "బాగుందమ్మా. అవి అసలు పూలేనా, ప్లాస్టిక్కా?" తరవాత అమ్మ: "ఎంతవుద్దో కనుక్కోండి ముందు." బాబాయి: "వీళ్లు ఎక్కడుంటారు? మనం మాట్లాడుకున్న హాల్లో ఎప్పుడైనా చేశారా?" నాన్నగారు గ్రూప్‌లో ఏమీ రాయరు. ఆ పేరు గూగుల్‌లో కొట్టి, మ్యాప్‌లో ఎక్కడో చూసి, నాలుగు రివ్యూలు చదివి, నేరుగా ఫోన్ చేస్తారు. "హలో, డెకరేషన్ వాళ్లేనా అండీ?"

ఈ కథలో నాలుగు చోట్లు ఉన్నాయి: ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, గూగుల్, మామూలు ఫోన్. అమ్మాయికి నచ్చింది ఒక చోట, ఇంట్లో చర్చ జరిగింది ఇంకో చోట, నమ్మకం కుదిరింది మరో చోట. ఇన్‌స్టాలో వేలమంది ఫాలోవర్లు ఉన్న వెండర్‌కి గూగుల్‌లో పేరు కొడితే ఏమీ రాకపోతే ఆ నాన్నగారి ఫోన్ ఇంకొకరికి వెళ్తుంది. అందుకే నా లెక్కలో వాట్సాప్ బిజినెస్, గూగుల్ ప్రొఫైల్ అనేవి ఎంచుకోవలసినవి కావు, పెళ్లి పని ఏది చేసినా ఉండి తీరాల్సినవి. ఎంపిక అంతా మూడోదాని గురించే.

ముందు ఆ రెండూ

వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశంలోకి 2018లో వచ్చింది. ఉచితం. అయినా చాలామంది ఇంకా మామూలు వాట్సాప్‌లోనే, అత్తగారి గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్యన కస్టమర్లని వెతుక్కుంటున్నారు. పనికి వేరే నంబర్ తీసుకోండి. ఈ యాప్‌లో కేటలాగ్ అని ఒకటుంది, 500 ఐటమ్స్ వరకు పెట్టుకోవచ్చు. మీకు ఇరవై చాలు: హల్దీ సెటప్, ప్రధానం స్టేజీ, మండపం, రిసెప్షన్ స్టేజీ, ఎంట్రన్స్ ఆర్చ్, ఒక్కోదానికి రెండు మూడు ఫొటోలు. ప్రతి పెళ్లికీ గ్యాలరీ అంతా వెతికి నలభై ఫొటోలు కుమ్మరించే బదులు కేటలాగ్ లింక్ ఒక్కటి పంపితే పిన్ని, అమ్మ, తోడికోడలు అందరూ తీరిగ్గా చూసుకుంటారు.

ధర పెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ నడిచే గొడవే. కాంపిటీటర్లు చూసేస్తారని కొందరి భయం. కాంపిటీటర్ ఎలాగూ వాళ్ల చుట్టాలమ్మాయి చేత ఫోన్ చేయించి మీ రేటు కనుక్కుంటాడు, దాచి లాభం లేదు. 'ఇంత నుంచి మొదలు' అని ఒక అంకె పెడితే, మీ రేటుకి బడ్జెట్ అందనివాళ్లు ముందే ఆగిపోతారు. రోజుకి పది 'ప్రైస్ ప్లీజ్'లకి జవాబు చెప్పే పని తగ్గుతుంది.

లేబుల్స్ అనే రంగుల గుర్తులు కూడా వాడుకోవాలి. యాప్ ఇచ్చే 'కొత్త కస్టమర్', 'పేమెంట్ పెండింగ్' పేర్లు ఉంచుకుంటూనే, ముహూర్తం తేదీ పేరుతో లేబుల్ పెట్టండి. మన పెళ్లిళ్లు విడివిడిగా రావు. ఒక మంచి ముహూర్తం పడితే ఊళ్లో హాళ్లన్నీ ఒకే రాత్రి నిండుతాయి. ఆ తేదీకి ఎవరెవరు అడిగారు, ఎవరు అడ్వాన్స్ ఇచ్చారు అన్నది ఒక్క నొక్కుతో కనబడాలి. ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మంది వరకు చేర్చవచ్చు కానీ, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఎవరో అమ్మే నంబర్ల జాబితా కొని అందరికీ ఒకేసారి పంపితే నంబరే బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. సీజన్ మధ్యలో నంబర్ పోతే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇక గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 వరకు దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. దీన్ని సోషల్ మీడియా అనాలా అంటే నేను వాదించను. కస్టమర్లు ఫొటోలు పెడతారు, రివ్యూలు రాస్తారు, అది చాలు. షాపు లేకుండా ఇంటి నుంచి పని చేసేవాళ్లు 'మా ఇంటి అడ్రస్ అందరికీ కనబడుతుందేమో' అని దీని జోలికి పోరు. అడ్రస్ దాచేసి, మీరు పని చేసే ఏరియాలు మాత్రమే చూపించే వీలుంది. ఇరవై వరకు ఏరియాలు ఇవ్వొచ్చు: మధురవాడ, సీతమ్మధార, గాజువాక, భీమిలి, అనకాపల్లి, విజయనగరం ఇలా. వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు. మేకప్ కిట్, సామాన్లు, పేరున్న బోర్డు లేదా విజిటింగ్ కార్డు చూపిస్తూ ఫోన్‌లో తీస్తే సరిపోతుంది.

రివ్యూలు అడగడంలో ఒక వరుస ఉంది. పెళ్లి మర్నాడు అడగొద్దు, వాళ్లు సత్యనారాయణ వ్రతం హడావుడిలో ఉంటారు. చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు సర్దుకుని, ఫొటోలు చూసుకుంటున్న రోజుల్లో రివ్యూ లింక్ పంపండి. "అమ్మా, వీలైనప్పుడు రెండు మాటలు రాయండి, ఏ హాల్లో చేశామో కూడా రాస్తే మాకు మేలు" అనండి. తెలుగులో రాసినా బాగానే ఉంటుంది, నిజానికి చదివేవాళ్లకి అదే ఎక్కువ నమ్మకం. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాం అనడం మాత్రం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. మీ అన్నదమ్ముల చేత ఒకే రోజు పదిహేను ఐదు నక్షత్రాలు వేయించడం కూడా వద్దు, ఆ నాన్నగారికి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్: షోకేస్ ఉంది, కౌంటర్ లేదు

2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించారు. కొద్ది రోజులకే జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. అప్పటి నుంచి పెళ్లి వీడియోలకి అదే పెద్ద బజారు. మిమ్మల్ని ఫాలో కాని వాళ్లకి కూడా రీల్ కనబడుతుంది, కొత్త వెండర్‌కి ఇంతకంటే పెద్ద మేలు లేదు. పెళ్లికూతుళ్లు నెలల తరబడి బ్లౌజ్ వర్కులు, జడలు, మండపాలు సేవ్ చేసుకునేదీ అక్కడే.

అది రోడ్డు మీద వెళ్లేవాళ్లని ఆపే అద్దాల షోకేస్ అంతే, లోపల బిల్లు కొట్టే మనిషి లేడు. పైగా ఆ రోడ్డు మీద నడిచేవాళ్లలో సగం మంది వేరే ఊళ్ల వాళ్లు, ఇంకొందరు మీలాంటి వెండర్లు. లక్ష వ్యూస్ వచ్చిన రీల్‌కి ఒక్క ఫోన్ కాల్ రాకపోవడం మామూలే. వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీలో ఊళ్లవారీగా కనబడుతుంది, అక్కడ విశాఖపట్నం ఎన్నో స్థానంలో ఉందో చూడండి. పేరు రాసే చోట 'వైజాగ్' అన్న మాట ఉండాలి, బయోలో కాదు, పేరులోనే. వెతికినప్పుడు పేరులో ఉన్న మాటే ముందు పనికొస్తుంది. బెంగళూరులో ఉన్న గాజువాక అమ్మాయి వెతికేది కూడా ఆ మాటతోనే.

ఫాలోవర్ల లెక్క గురించి ఒక మాట. చీరల షాపుకి ఫాలోవర్ అంటే పండక్కి మళ్లీ వచ్చే కస్టమర్. పెళ్లి వెండర్‌కి అలా కాదు. తాళి కట్టిన మర్నాటి నుంచి ఆ అమ్మాయికి మీ మండపాలతో పని లేదు, మళ్లీ పని పడేది చెల్లెలి పెళ్లికే. మన ఫాలోవర్లు ఏడాదికోసారి మారిపోయే జనం. అందుకే ఫాలోవర్లని పెంచుతామని డబ్బు అడిగేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి. ఆ శ్రమ 'కొలాబ్' పోస్టుల మీద పెట్టండి. ఫొటోగ్రాఫర్, మేకప్ చేసిన అమ్మాయి, డెకరేటర్ ముగ్గురూ ఒకే పోస్టుని తమతమ ప్రొఫైల్స్‌లో చూపించుకునే వీలుంది. ఫొటోగ్రాఫర్ తీసిన మంచి వీడియోలో మీ మండపం ఉంటే, ఆయన్ని కొలాబ్ అడగడానికి మొహమాటపడొద్దు. విశాఖ లాంటి ఊళ్లో వెండర్లందరూ ఒకరికొకరు తెలుసు. ఒక పెళ్లిలో కలిసిన నలుగురు ఒకరి పేరు ఒకరు వేసుకుంటే వచ్చే ఎంక్వైరీలకి, ఒంటరిగా వేసిన వంద పోస్టులకి వచ్చేవాటికి పోలిక లేదు.

ఏం పోస్ట్ చేయాలి అంటే, పూర్తయిన మండపం కంటే అది తయారవుతున్న తీరే ఎక్కువ నిలుస్తుంది. తెల్లవారుజామున పూర్ణా మార్కెట్‌లో బంతిపూల బుట్టలు దింపడం, ఖాళీ హాలు, నిచ్చెన మీద కుర్రాళ్లు, చివర్లో దీపాలు వెలిగిన మండపం. పూలజడ అయితే మల్లెమొగ్గలు వరుసగా కుట్టే వేళ్లు చాలు, మొహం అక్కర్లేదు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పెళ్లికూతురి ఫొటో పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి. విశాఖలో నేవీ కుటుంబాలు, ఫొటోలు బయటికి రావడం ఇష్టంలేని ఇళ్లు చాలానే ఉంటాయి. బుకింగ్ రోజే 'ఫొటోలు పోస్ట్ చేయొచ్చా' అని వాట్సాప్‌లో అడిగి, జవాబు అక్కడే ఉంచుకోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటలు చాలావరకు దొరకవు. పాట లేదని వ్యక్తిగత అకౌంట్‌కి మారిపోయేవాళ్లున్నారు, అప్పుడు ఇన్‌సైట్స్, కాల్ బటన్ పోతాయి. సన్నాయి, డోలు అసలు శబ్దంతోనే రీల్ వేయండి, పెళ్లి వీడియోకి దాన్ని మించిన సంగీతం ఏముంది. రెండోది డ్రోన్. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. బీచ్ రోడ్ మీద, విమానాశ్రయం చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయడానికి ఆంక్షలు ఉన్నాయి. అనుమతి లేకుండా తీసిన షాట్ పోస్ట్ చేయడమంటే మీమీద మీరే సాక్ష్యం పెట్టుకోవడం.

యూట్యూబ్ ఎవరికి?

అందరికీ కాదు. ఫొటో, వీడియో తీసేవాళ్లకి, పురోహితులకి, సన్నాయి మేళం వాళ్లకి, కొంతవరకు ఫంక్షన్ హాళ్లకి. మిగతావాళ్లు రీల్‌నే యూట్యూబ్ షార్ట్‌గా కూడా వేసి వదిలేస్తే చాలు.

కారణం చెబుతాను. ఇన్‌స్టా రీల్ ఊపు కొద్దిరోజులే, తరవాత దాన్ని వెతికేవాళ్లు తక్కువ. యూట్యూబ్ వీడియో ఏళ్ల తరబడి వెతుకులాటలో దొరుకుతూనే ఉంటుంది. 'సింహాచలంలో పెళ్లి ఎలా చేసుకోవాలి', 'రుషికొండ దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్' అని కొట్టేవాళ్లకి రెండేళ్ల కిందటి మీ వీడియో ఈరోజూ కనబడుతుంది. అయితే వీడియో కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఊరు, హాలు, ఏ పద్ధతి పెళ్లి అన్నది రాయాలి. 'సాయి వెడ్స్ లక్ష్మి హైలైట్స్' అని మాత్రమే పెడితే సాయి, లక్ష్మి తప్ప ఇంకెవరూ దాన్ని వెతకరు.

లైవ్ ఇంకో పెద్ద అవసరం. ఉత్తరాంధ్రలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు వీధికి నాలుగు. మన తెల్లవారుజాము 2 గంటల ముహూర్తం వేసవిలో న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం 4:30. అక్కడ అందరూ టీవీ ముందు కూర్చుని చూస్తారు, ఆ టీవీ మూలన కనబడే మీ స్టూడియో పేరు అక్కడి తెలుగువాళ్లందరికీ గుర్తుండిపోతుంది. లైవ్‌ని మొదటిసారి ఆన్ చేయడానికి 24 గంటల వరకు పట్టవచ్చు, పెళ్లి రోజు పొద్దున మొదలుపెడితే కుదరదు. ఇంటివాళ్లు కావాలంటే లింక్ ఉన్నవాళ్లకే కనబడేలా 'అన్‌లిస్టెడ్'గా పెట్టండి. డీజే సినిమా పాటలు మోగిస్తే కాపీరైట్ వల్ల లైవ్ మధ్యలో ఆగిపోయే అవకాశం ఉంది. జీలకర్ర బెల్లం సమయానికి తెర నల్లబడితే ఆ ఇంటివాళ్లకి మీరు ఏ వివరణ ఇచ్చినా ఎక్కదు. సంగీత్, బరాత్ లైవ్ ఇవ్వకుండా, ముహూర్తం ఒక్కటే ఇవ్వడం మేలు.

ఫేస్‌బుక్, మిగతావి

ఫేస్‌బుక్ పేజీ పెట్టండి, ఇన్‌స్టాకి కలపండి, అక్కడ వేసింది ఇక్కడా పడేలా చేయండి, ఇక మర్చిపోండి. పేజీ పోస్టులు డబ్బు పెట్టకుండా జనానికి చేరడం ఇప్పుడు చాలా తక్కువ. అయినా ఉండాలి, ఎందుకంటే ఫేస్‌బుక్‌లో ప్రకటనలు నడపడానికి పేజీ కావాలి, పైగా బాబాయిల తరం ఇంకా అక్కడే ఉంది. కేటరింగ్, ఫంక్షన్ హాల్ వాళ్లు మాత్రం కాలనీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మంచి పేరు తెచ్చుకోవచ్చు. గ్రూపులో ఎవరో 'మంచి వంటవాళ్లు చెప్పండి' అని అడిగితే, మీరు చెప్పుకోవడం కాకుండా మీ పాత కస్టమర్ చెప్పేలా చూసుకోవాలి.

పింటరెస్ట్ చూడ్డానికి మంచిది, అమ్ముకోవడానికి కాదు. పెళ్లికూతురు అక్కడి ఫొటో తెచ్చి 'ఇలాగే కావాలి' అంటుంది, ఆ ఫొటోలో ఉన్న విదేశీ పూలు మన మే నెల ఎండకి గంటలో వాడిపోతాయని చెప్పడం మీ పని. షేర్‌చాట్, మోజ్‌లలో వ్యూస్ రావచ్చు, బుకింగులు రావడం అరుదు. ఎక్స్, లింక్డ్‌ఇన్, టెలిగ్రామ్‌లని పెళ్లి పనికి వదిలేయండి. డబ్బు కట్టించుకుని 'లీడ్స్' (ఎంక్వైరీ చేసిన కస్టమర్ల వివరాలు) ఇచ్చే వెడ్డింగ్ సైట్లలో చేరేముందు, ఆ ఒక్క లీడ్‌ని ఇంకెంతమంది వెండర్లకి అమ్ముతున్నారో సూటిగా అడగండి. జవాబు నసిగితే మీకు విషయం అర్థమైపోతుంది.

మీ పని ఏదైతే, మూడోది ఏది

మేకప్, మెహందీ, పూలజడ, చీర ప్రీ ప్లీటింగ్ చేసేవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్, సందేహం లేదు. నిర్ణయం పెళ్లికూతురిది, ఆమె ఉండేది అక్కడ. వారానికి మూడు రీల్స్ చాలు, రోజూ వేయాలన్న నియమం ఏమీ లేదు.

డెకరేషన్‌కి ఇన్‌స్టాగ్రామే, కానీ ప్రతి పోస్టులో హాలు పేరు, ఏరియా రాయాలి. ఆ హాలు బుక్ చేసుకున్న ఇంకో కుటుంబం 'ఇక్కడ ఎలా చేస్తారు' అని వెతుకుతుంది. ఒకే హాలులో మీరు చేసిన నాలుగు డెకరేషన్‌లు ప్రొఫైల్‌లో ఎప్పుడూ కనబడే ఒక హైలైట్‌గా పెడితే, గాజువాక బాబాయి అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫొటోగ్రాఫర్లకి రెండూ కావాలి: ఆకర్షించడానికి ఇన్‌స్టా, ఒప్పించడానికి యూట్యూబ్. రెండు నిమిషాల టీజర్ అందరూ బాగానే చేస్తారు. పెళ్లి కొడుకు వాళ్లు అడిగేది మొత్తం వీడియో ఎలా ఉంటుంది, మా పెద్దవాళ్లందరూ కనబడతారా అని. కాశీయాత్ర నుంచి అప్పగింతల వరకు ఉన్న ఒక పూర్తి పెళ్లి వీడియో, ఇంటివాళ్ల అనుమతితో, మీ ఛానెల్‌లో ఉండాలి. ఒకరే చేసుకునే పనైతే, మొదటి ఏడాది ఇన్‌స్టా మాత్రమే పట్టుకోండి.

కేటరింగ్‌కి మూడోది అసలు అక్కర్లేదంటాను. గూగుల్, వాట్సాప్ గట్టిగా ఉంటే చాలు. వంటకాల రీల్స్‌కి లైకులు విపరీతంగా వస్తాయి, ఆకలి పుట్టడం వేరు, ఆర్డర్ ఇవ్వడం వేరు. మీ సమయం మెనూలు పీడీఎఫ్‌గా చేసి వాట్సాప్‌లో ఉంచడానికి, టేస్టింగ్‌కి పిలవడానికి వాడండి. 300 మందికి, 800 మందికి ఏ మెనూ ఎంతవుతుందో రెండు మూడు నమూనాలు కేటలాగ్‌లో ఉంటే ఆ మేనమామ సగం మెత్తబడతారు.

ఫంక్షన్ హాల్ అయితే గూగుల్ మ్యాప్స్ ముందు, మిగతావన్నీ తరవాత. పార్కింగ్ ఎన్ని కార్లకి, జనరేటర్ ఉందా, వంటశాల ఎక్కడ, గదులు ఎన్ని, ఇవన్నీ ఫొటోలతో ప్రొఫైల్‌లో ఉండాలి. పురోహితులకి, సన్నాయి మేళం వాళ్లకి యూట్యూబ్, వాట్సాప్. మంత్రం, వాద్యం వినకుండా ఎవరూ పిలవరు.

ఒక్క విషయం మాత్రం అందరికీ. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరు గంటలపాటు ఆగిపోయాయి, మూడూ ఒకే కంపెనీవి కాబట్టి. కస్టమర్ల పేర్లు, నంబర్లు, ముహూర్తం తేదీలు ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో వేరుగా రాసి ఉంచండి. ఇన్‌స్టాకి, ఫేస్‌బుక్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. 'మీ పోస్ట్ కాపీరైట్ ఉల్లంఘించింది, ఈ లింక్ నొక్కండి' అని మెసేజ్ వస్తే నొక్కకండి, అకౌంట్లు పోయేది ఎక్కువగా అలాగే.

ప్రకటనకి డబ్బు పెట్టాలనుకుంటే

రీల్ కింద కనబడే 'బూస్ట్' నొక్కడం తేలిక, కానీ లైకులు తెచ్చి ఊరుకుంటుంది. నొక్కగానే వాట్సాప్ చాట్ తెరుచుకునే రకం ప్రకటన ఎంచుకోండి, మన వ్యాపారానికి సరిపోయేది అదే. బిల్లుకి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోండి. రోజుకి రెండు మూడు వందలతో వారం నడిపి, ఎన్ని చాట్‌లు వచ్చాయో కాదు, ఎన్ని ఫోన్‌లో మాట్లాడే దాకా వచ్చాయో చూడండి.

ఏరియా ఎంచుకునేటప్పుడు మన ఊరికి ఒక ఇబ్బంది ఉంది. విశాఖ చుట్టూ 40 కిలోమీటర్ల వలయం గీస్తే దాదాపు సగం బంగాళాఖాతంలో పడుతుంది. చేపలకి ప్రకటన చూపించి డబ్బు తీసుకోరు కానీ, విజయనగరం మాత్రం ఆ వలయానికి బయటే ఉండిపోతుంది. వలయం వదిలేసి ఊళ్లని పేరుపేరునా చేర్చండి: అనకాపల్లి, విజయనగరం, వెళ్లగలిగితే శ్రీకాకుళం.

ఎప్పుడు అన్నది ఇంకా ముఖ్యం. ముహూర్తాలు నడుస్తున్నప్పుడు ప్రకటన వేస్తే, అప్పటికే బుక్ అయిపోయినవాళ్లకి చూపిస్తున్నట్టు. శ్రావణం పెళ్లిళ్లకి ఆషాఢంలో, మాఘం పెళ్లిళ్లకి పుష్యంలో వేయాలి. ఏ ఏడాదికి ఆ ఏడాది పంచాంగం చూసుకోండి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, మామూలుగా వేసవి సీజన్ అనుకుని ఆ నెలకి బడ్జెట్ పెట్టుకుంటే వృథా. నాకు అన్నింటికంటే నచ్చేది సంక్రాంతి వారం. బెంగళూరు, హైదరాబాద్‌లో ఉండే పిల్లలు ఇంటికి వస్తారు, అప్పుడు ఊరి ప్రకటన వాళ్ల ఫోన్లలోనూ కనబడుతుంది. అమ్మాయి, అమ్మ, బాబాయి ఒకే హాల్లో కూర్చుని పెళ్లి మాటలు మాట్లాడుకునే రోజులు ఏడాదిలో అవే.

ఏది పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఏ యాప్ రిపోర్టూ అక్కర్లేదు. ఫోన్ ఎత్తగానే, తేదీ అడిగిన తరవాత, "మా నంబర్ ఎక్కడ దొరికిందండీ?" అని అడగండి, జవాబు నోట్‌బుక్‌లో పేరు పక్కన రాసుకోండి. చాలామంది "మా తోడికోడలు ఇచ్చిందండీ" అంటారు. అక్కడితో ఆపేయకండి. "వారికి మేం ఎలా తెలుసండీ?" అని ఇంకొక్కటి అడగండి. పెళ్లిలో చూసిందా, వాట్సాప్ స్టేటస్‌లో చూసిందా, రీల్ పంపిందా, అది రాసుకోవాలి. ఒక సీజన్ గడిచాక ఆ పేజీలు తిరగేయండి. ఒక్కసారి కూడా పేరు రాని యాప్‌కి వచ్చే సీజన్‌లో సమయం ఇవ్వకండి.